తాళం చెవి ఎవరి దగ్గరుంది మంత్రిగారూ?

గౌరవనీయులైన మంత్రిగారికి,

దివిసీమ నుంచి నమస్కారాలు. మా ఊరి తుపాను షెల్టర్ బాగుచేయించమని ఇది నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ఫైలు మీ టేబుల్ మీదే ఉందని చెప్పారు కాబట్టి షెల్టర్ గోడు తర్వాత చెబుతాను. నా ఏడేళ్లప్పటి సంగతి మాత్రం ఆ ఫైల్లో ఉండదు, వినండి.

1977 నవంబరు 19, శనివారం. పొద్దున్నుంచీ గాలే. చీకటి పడేసరికి పాక కప్పు లేచిపోయింది. తర్వాత ఓ హోరు. రైలొస్తున్నట్టుందే అంది అమ్మ. మా ఊరికి రైలెక్కడిది? అంతలోనే సముద్రం గోడలా నిలబడి వచ్చేసింది. నాన్న తన పంచె విప్పి నన్ను తుమ్మచెట్టుకి కట్టేశాడు. చెల్లి అమ్మ చంకలో ఉంది. తెల్లారేసరికి అమ్మ గుప్పిట్లో చెల్లి గౌను ముక్క మిగిలింది. నీలంది, అంచుకి తెల్ల లేసు. అమ్మ పోయేదాకా దాన్ని ట్రంకుపెట్టెలో దాచుకుంది. ఒక్కసారి కూడా ఉతకలేదు.

సర్కారు లెక్కలో పోయినవాళ్లు 10,000 పైచిలుకు. ఆ లెక్క మావాళ్లెవరూ ఒప్పుకోరు. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఎన్నో ఇళ్లలో ఏడవడానికి కూడా మనిషి మిగల్లేదు.

ఇన్నేళ్లయినా టీవీలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, నాకు అన్నం సయించదు. పట్టాదారు పాస్‌బుక్, మనవరాలి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టేస్తాను. తాతకి మళ్లీ టెన్షన్ మొదలైందని ఇంట్లో నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. ముంజేతి మీద తుమ్మముళ్ల మచ్చలు వాళ్లవి కావుగా.

ఇక షెల్టర్. పైకెళ్లే మెట్లలో రెండు ఊడిపోయి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. కింది గదిలో ఎవరివో ఎరువుల బస్తాలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుంటే, పిల్లల్ని చంకనేసుకుని ఊరంతా ఆ తలుపు ముందు నిలబడింది. తాళం. చెవి ఒకాయన దగ్గరుందన్నారు, ఆయన ఇంకొకాయన పేరు చెప్పాడు, ఆయన ఫోన్ స్విచ్చాఫ్. చివరికి గునపం తెచ్చి నేనే పగలగొట్టాను. గాలి తగ్గిన మూడో రోజు ఒక ఉద్యోగి వచ్చి, ప్రభుత్వ ఆస్తి తాళం ఎవరు పగలగొట్టారని అడిగాడు. నేనే సార్ అన్నాను. రాసుకుని వెళ్లాడు. మెట్ల సంగతి మాత్రం రాసుకోలేదు.

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చేనాటికి కొత్త తాళం పడింది, పాతదానికంటే పెద్దది. మరి పని జరగలేదని ఎలా అంటాను?

ఏటా నవంబరు 19న స్మారక స్తూపం దగ్గర పూలు చల్లుతారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. 2027కి యాభై ఏళ్లు నిండుతాయి. పెద్ద సభే పెడతారు, షామియానాలు వేస్తారు, మాలాంటి ముసలివాళ్లని కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారు. నాకు శాలువా వద్దు బాబూ. ఆ రెండు మెట్లు కట్టించండి. బస్తాలు తీయించండి. అదీ కుదరకపోతే తాళం చెవి ఒక్కటైనా మా రామాలయంలో మేకుకి తగిలించి పొమ్మనండి. పూజారిగారు ఒప్పుకున్నారు.

ఇట్లు,
దివిసీమ తీరంలోని ఒక గ్రామస్థుడు