‘దఖలు పడింది’ అంటే ఎవరికి అర్థమవుతోంది?

సంపాదకులకు నమస్కారం.

భూసేకరణ కాగితాల్లోనూ వార్తల్లోనూ ‘సదరు భూమి ప్రభుత్వానికి దఖలు పడినది’ అనే వాక్యం తరచు కనిపిస్తుంది. ఇంగ్లిష్ చట్టంలోని ‘వెస్ట్’ (vest) కు మనవాళ్లు పెట్టుకున్న తెలుగు అది. బట్టల కొట్టులో వెస్ట్ అంటే బనియన్. చట్టంలో అధికారమో ఆస్తో ఒకరి పరం కావడం. రెంటికీ మూలం ఒకటే, బట్టలు అనే అర్థమున్న లాటిన్ మాట. యూరప్‌లో పదవి ఇచ్చేటప్పుడు దానికి తగిన అంగీ తొడిగేవారు. మొఘలులు ఇచ్చిన ఖిలత్ కూడా అలాంటిదే. ఇంగ్లండులో పొలం చేతులు మారాలంటే ఆ పొలంలోనే నిలబడి మట్టిపెళ్లో చెట్టు రెమ్మో తీసి కొత్త హక్కుదారు చేతిలో పెట్టేవారు. మన దానశాసనాల్లో అయితే ‘ధారాపూర్వకంగా’ అని ఉంటుంది, అంటే చేతిలో నీళ్లు పోసి ఇవ్వడం. పద్ధతి ఏదైనా, భూమి ఎప్పుడు ఎవరిదైందో నలుగురి కళ్లకూ కనిపించేది.

ఇప్పుడు కాగితం మీద కలం కదిలితే పని అయిపోతోంది. 1894 నాటి భూసేకరణ చట్టం 16వ సెక్షన్ ప్రకారం అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, ప్రకటించి కలెక్టరు స్వాధీనం చేసుకున్న మరుక్షణం భూమి, ఏ రుణభారాలూ లేకుండా, పూర్తిగా ప్రభుత్వానిదైపోయేది. ‘స్వాధీనం’ అంటే ఏమిటన్నది ఇందౌర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. పంచనామా, అంటే సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం, రాస్తే చాలు. ఆ తర్వాత కూడా ఎవరైనా ఆ నేలలో ఉంటే వారు అక్రమంగా ఉన్నట్టే. అంటే నిన్నటిలాగే ఇవాళా నాగలి కట్టిన రైతు తనకు తెలియకుండానే ఆక్రమణదారు అయిపోవచ్చు. తీర్పు తప్పని నేననడం లేదు, ఆ పంచనామాలో ఏముందో పట్టాదారుకు తెలియాలి కదా!

ఆ పాత చట్టం స్థానంలో వచ్చిన 2013 భూసేకరణ చట్టం కొంత నయం. పరిహారం పూర్తిగా చెల్లించాకే స్వాధీనం అంటుంది. మొదటి నోటిఫికేషన్ పంచాయతీ ఆఫీసులో స్థానిక భాషలో పెట్టాలని 11వ సెక్షన్ చెబుతోంది. అయితే లిపి తెలుగైనంత మాత్రాన అది జనం భాష అయిపోదు. పైగా తండ్రి ఇష్టపూర్వకంగా కొడుక్కి రాసిచ్చేదీ దాన దఖలే, రైతు వద్దు మొర్రో అన్నా సర్కారుకు పోయేదీ దఖలేనా?

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. పంచనామా రాసిన రోజే పట్టాదారు చేతికి ఒక్క పేజీ ఇవ్వాలి. అందులో ఇలా ఉంటే చాలు: ‘ఫలానా సర్వే నంబరులో ఇంత భూమి ఈ రోజు నుంచి మీది కాదు, ప్రభుత్వానిది. ఇకపై దాన్ని మీరు అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. చేలో పంట ఉంటే ఫలానా తేదీలోపు కోసుకోండి. మీ పరిహారం ఇంత, ఫలానా రోజున మీ ఖాతాలో వేశాం.’ పరిహారం చాలదనుకుంటే 2013 చట్టం 64వ సెక్షన్ కింద కలెక్టరుకు అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. అవార్డు ప్రకటించినప్పుడు హాజరైన వారికి గడువు ఆరు వారాలే. ఆ సంగతి కూడా ఆ పేజీలోనే, గడువు ముగిసే తేదీ వేసి మరీ రాయాలి. చదువు రానివారికి గ్రామ రెవెన్యూ సిబ్బంది చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

మీ పత్రికకూ ఒక మనవి. ఇలాంటి వార్తలు వేసేటప్పుడు ‘దఖలు పడింది’ అని అధికారుల మాటనే అచ్చువేయకుండా, ఎవరి భూమి, ఏ తేదీన, ఎవరి పరమైందో, డబ్బు ముట్టిందో లేదో రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు