పార్టీల ఎన్నికల ఖర్చుకూ పరిమితి ఉండాలి: కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

ఎన్నికల్లో పోటీ చేసే అభ్యర్థి ఎంత ఖర్చు పెట్టవచ్చో మన చట్టం చెబుతోంది. ఆ అభ్యర్థిని నిలబెట్టిన పార్టీ ఎంత ఖర్చు పెట్టవచ్చో మాత్రం ఎక్కడా చెప్పడం లేదు. ఈ లోటు పూడాలంటే 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించాలి. ఆ బిల్లును తయారు చేయవలసింది మీ శాఖ కనుక ఈ లేఖను ఎన్నికల సంఘానికి కాక మీకే రాస్తున్నాను.

నేను లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన ప్రభుత్వోద్యోగిని. సర్వీసులో ఉండగా ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో అభ్యర్థుల ప్రచార ఖర్చులు లెక్కగట్టే బృందంలో డ్యూటీ చేశాను. వీడియో బృందం తెచ్చిన రికార్డింగులను రోజూ సాయంత్రం ముందేసుకుని, కుర్చీలెన్ని, షామియానాలెన్ని, మైకులెన్ని, వాహనాలెన్ని అని లెక్కబెట్టి, జిల్లాలో ఖరారైన రేట్ల పట్టిక ప్రకారం విలువ కట్టి షాడో రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. అభ్యర్థి దగ్గర మరో రిజిస్టరు ఉంటుంది. అందులో రోజువారీ ఖర్చులకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ రంగువి, బ్యాంకు ఖాతాకు పసుపు రంగువి. ప్రచారం ముగిసేలోగా కనీసం మూడుసార్లు ఆ రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. ఆటోకు కట్టిన మైకు అద్దె లెక్కలో చూపలేదని నోటీసు అందుకున్న ఒక స్వతంత్ర అభ్యర్థి, చొక్కా జేబులో మడతపెట్టి తెచ్చుకున్న రసీదును మా బల్ల మీద జాగ్రత్తగా విప్పి చూపించడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నోటీసును నేను తప్పుపట్టను, లెక్క అడగవలసిందే.

అదే నియోజకవర్గానికి కొద్ది రోజుల తర్వాత ఒక పార్టీ అగ్రనాయకుడు హెలికాప్టర్‌లో వచ్చారు. ముందురోజు రాత్రికే సభాస్థలిలో అభ్యర్థి ఫొటో ఉన్న ఫ్లెక్సీలన్నీ దించేశారు. అభ్యర్థి ఆ పూట అటువైపు రానేలేదు. నాయకుడు ప్రసంగం పొడుగునా ‘మన అభ్యర్థి’ అన్నారే గానీ పేరు పలకలేదు. పేరు పలికినా, ఫొటో కనిపించినా, అభ్యర్థి సభలో పాలుపంచుకున్నా ఆ సభ ఖర్చు ఆయన లెక్కలోకి వస్తుంది, లేకపోతే అది పార్టీ సాధారణ ప్రచారం. ఇక స్టార్ క్యాంపెయినర్ల, అంటే ప్రచారం కోసం పార్టీ జాబితాలో పేరిచ్చిన నాయకుల ప్రయాణ ఖర్చును ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 77వ సెక్షనే అభ్యర్థి లెక్క నుంచి తప్పించింది. గుర్తింపు పొందిన ఒక్కో పార్టీకి అలాంటివారు నలభై మంది దాకా ఉండవచ్చు. ఆ సాయంత్రం కూడా మేం వీడియో చూసి కుర్చీలూ వాహనాలూ అన్నీ లెక్కబెట్టాం, కానీ అభ్యర్థి ఖాతాలో ఒక్క రూపాయి కూడా రాయలేకపోయాం. అక్కడ ఏ నిబంధననూ ఎవరూ మీరలేదు. నన్ను ఇన్నేళ్లూ బాధపెడుతున్నది ఆ సంగతే.

ఈ తలుపు తెరిచింది మన పార్లమెంటే. ఢిల్లీ సదర్ స్థానానికి 1971లో జరిగిన ఎన్నికపై ఓడిపోయిన అభ్యర్థి కన్వర్‌లాల్ గుప్తా వేసిన కేసులో, అభ్యర్థికి తెలిసి, ఆయన కాదనకుండా పార్టీ చేసిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే అవుతుందని 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి, ఆ ఎన్నికను రద్దు చేసింది. ఆ తీర్పు సిరా ఆరకముందే ఆర్డినెన్సు వచ్చింది. పార్టీలూ మిత్రులూ పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదంటూ 77వ సెక్షన్‌కు వివరణ చేరింది, అదే ఏడాది చట్టమూ అయింది. 2003లో ఆ మినహాయింపును నాయకుల ప్రయాణాల వరకు కుదించారు. అది మంచి పనే. అయినా పార్టీ తన పేరున పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితి రాలేదు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు అంటూ 2022 జనవరిలో పరిమితులు పెంచినప్పుడు కూడా పార్టీల ఊసు లేదు. ఒక కాలువకు గేటు బిగించి పక్క కాలువను వదిలేస్తే నీరు ఎటు పోతుందో తమకు చెప్పనక్కరలేదు.

లెక్కలు సమర్పించే విషయంలోనూ ఇదే తేడా. ఫలితం వెలువడిన 30 రోజుల్లో అభ్యర్థి లెక్క ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 10ఎ సెక్షన్ కింద మూడేళ్లు పోటీకి అనర్హుడవుతాడు. పార్టీ మాత్రం అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికలైతే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి లెక్క పంపాలి. ఇది కూడా చట్టం విధించినది కాదు, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని వచ్చినది. గడువు తప్పిన పార్టీకి అభ్యర్థికి పడే అనర్హత లాంటి శిక్ష ప్రజాప్రాతినిధ్య చట్టంలో లేదు. ఆ లెక్క బయటికి వచ్చేనాటికి ప్రభుత్వం ఏర్పడి ఉంటుంది, ఓటరు దాన్ని చూసి చేయగలిగింది ఏమీ ఉండదు. పార్టీలకు వచ్చే విరాళాల గురించి 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల తీర్పులో, ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోయే డబ్బుకు ఆ హక్కు ఎందుకు వర్తించకూడదు?

పార్టీ అన్నాక దేశమంతటా తన విధానాలను చెప్పుకోవాలి కదా, దానికి హద్దు పెడితే భావ ప్రకటనా స్వేచ్ఛకు అడ్డు కాదా అని కొందరు అడుగుతారు. తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. బ్రిటన్ ఈ ప్రశ్నను ఎదుర్కొనే 2000 సంవత్సరంలో చట్టం చేసింది. ఒక్కో నియోజకవర్గానికి ఇంత అని నిర్ణయించి, పార్టీ పోటీ చేసే స్థానాల సంఖ్యతో హెచ్చవేస్తే వచ్చేదే అక్కడ పార్టీ పరిమితి. ఆ మొత్తంతో పార్టీ ఏ మాట చెప్పుకుంటుందన్నది పార్టీ ఇష్టం. మన దగ్గర ఆ అంకె ఉదారంగానే ఉండవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అసలంటూ ఒక అంకె ఉండాలి.

అందుచేత పార్టీల ఎన్నికల ఖర్చుకు చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి విధిస్తూ, నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి పోలింగ్ వరకు ప్రతి పార్టీ వారానికోసారి తన ఖర్చును రాష్ట్రాలవారీగా వెల్లడించేలా, బహిరంగ సభల ఖర్చునైతే అవి జరిగిన నియోజకవర్గం పేరుతో సహా చూపించేలా బిల్లు తేవాలని కోరుతున్నాను. సామాజిక మాధ్యమాల ప్రకటనలూ, పార్టీ తరఫున ఇతర బృందాలు పెట్టే ఖర్చూ అందులోకే రావాలి. గడువు తప్పిన పార్టీకి తర్వాతి ఎన్నికల్లో స్టార్ క్యాంపెయినర్ల మినహాయింపు లేకుండా చేయడం జరిమానా కంటే బాగా పనిచేస్తుందని నా అనుభవం చెబుతోంది. ఆ నలభై పేర్ల జాబితా కోసం పార్టీలు ఎంత పట్టుపడతాయో దగ్గరుండి చూశాను.

కొత్త యంత్రాంగమేదీ పెద్దగా అక్కరలేదు. వీడియో తీసేవారు, లెక్కబెట్టేవారు, రేట్ల పట్టికలు ప్రతి నియోజకవర్గంలోనూ ఇప్పటికే ఉన్నాయి. ఆ సాయంత్రం మేం లెక్కబెట్టిన కుర్చీలను రాసుకోవడానికి పార్టీ పేరున ఒక పేజీ కావాలి.

ఇట్లు,
ఎన్నికల ఖర్చుల లెక్కింపులో పనిచేసిన ఒక విశ్రాంత ఉద్యోగి