ప్రకాశం పంతులంటే చొక్కా విప్పిన సీను ఒక్కటేనా?

టంగుటూరి ప్రకాశం పంతులు జీవితాన్ని మన పిల్లలకు ఒక్క సన్నివేశంగా కుదించి చెబుతున్నాం. మొన్న ఆగస్టు 23న ఆయన జయంతికి మా దగ్గరి ఒక హైస్కూల్లో క్విజ్ పెడితే జడ్జిగా వెళ్లాను. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి ఎదురుగా గుండె చూపించిన సంగతి అందరూ టకటకా చెప్పారు. ఆయన ముఖ్యమంత్రిగా చేశారా అని అడిగితే హాలంతా నిశ్శబ్దం. ఒక పాప మాత్రం "విగ్రహం ఉంది కదా సార్" అంది. తప్పు పిల్లలది కాదు, గోడమీద మేం అతికించిన చార్టులో కూడా ఆ బొమ్మే ఉంది. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లు నడిపి చదివించిన కుర్రాడు బారిస్టరయ్యాడు. దండిగా సంపాదిస్తున్న ప్రాక్టీసు వదిలేసి 1921లో 'స్వరాజ్య' పత్రిక పెట్టి ఉన్నదంతా అందులో పోశాడు. 1937లో రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడై రైతు పక్షాన నిలబడ్డాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. నాకు అన్నిటికన్నా పెద్దది ఆ పూటకూళ్ల ఇల్లే, ఫీజుకు ఇబ్బంది పడే పిల్లవాడికి అది చెప్పాలి. విద్యాశాఖ హైస్కూలు పాఠంలో ఈ నాలుగు ఘట్టాలూ చేర్చాలి. ప్రతి స్కూలు లైబ్రరీలో ఆయన స్వీయచరిత్ర రెండు కాపీలైనా ఉంచి, జయంతి రోజు దండ వేసే ముందు పిల్లలతోనే అందులో ఒక పేజీ చదివించాలి.
– ఒక రిటైర్డ్ టీచర్, ఒంగోలు