శుక్రవారం పిండి ఎందుకు పులిసిందంటే

నమస్కారం. పోయిన శుక్రవారం సాయంత్రం మా నల్లకుంట కొట్లో దోశ పిండి తీసుకెళ్లిన అందరికీ ముందుగా క్షమాపణ. పిండి పులిసిపోయింది. ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బడం నేను గమనించేసరికే ముప్ఫై దాకా మీ ఇళ్లకు చేరిపోయాయి. ఎవరెవరికి వెళ్లాయో పుస్తకంలో ఉంది, డబ్బులు వెనక్కి వేస్తున్నాం. ప్యాకెట్ తెచ్చి చూపించక్కర్లేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పోయిన కరెంటు అయిదింటికి గానీ రాలేదు. "థర్మల్ ప్లాంట్లు పాతబడ్డాయి కదా, అందుకేనా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కాదండీ. మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కేబుల్ కాలింది. పక్క వీధిలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎక్కడో ప్లాంటులో ఒక యూనిట్, అంటే కరెంటు తీసే ఒక యంత్రం, ట్రిప్ అయి ఆగిపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 50 హెర్ట్జ్ నుంచి కాస్త దిగుతుంది, మిగతా ప్లాంట్లు ఆ లోడు ఎత్తుకుంటాయి. మామూలుగా మనకు తెలియను కూడా తెలియదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలినప్పుడు కూడా మొదట చేతులెత్తేసింది ప్లాంటు కాదు, లోడు మోయలేకపోయిన బీనా–గ్వాలియర్ కరెంటు లైను, మధ్యప్రదేశ్‌లోది. రెండో రోజు 60 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు.

అలాగని పాత ప్లాంట్లకు జబ్బులు లేవని కాదు. మాది పాల్వంచ. నాన్న అక్కడి కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత ప్లాంటులో బాయిలర్ దగ్గర పనిచేశారు. బొగ్గు బూడిద రాసుకుని రాసుకుని లోపల నీళ్లు పారే ట్యూబులు పలచబడతాయి. ఒక్కదానికి చిల్లు పడినా యూనిట్ ఆపాలి, బాయిలర్ చల్లారాలి, అప్పుడే మనిషి లోపలికి దిగి వెల్డింగ్ చేయగలడు. రెండు మూడు రోజులు పట్టేస్తుంది. "ట్యూబు చెప్పకుండా పోదురా, ముందు నీళ్లు ఎక్కువ తాగుతుంది" అనేవారు నాన్న. అంటే సన్నగా కారడం మొదలవగానే బాయిలర్‌కు నీళ్లు ఎక్కువ పెట్టాల్సి వస్తుందన్నమాట. 2024 ఆగస్టు 5న అక్కడి ఎనిమిది కూలింగ్ టవర్లు కూల్చేసిన వీడియో మూడుసార్లు చూసి, ఫోన్ బోర్లా పెట్టేశారు.

మా ఇన్వర్టర్ బ్యాటరీ కూడా సంక్రాంతి నుంచి నీళ్లు ఎక్కువే తాగుతోంది. మూడు నెలలకోసారి పోసే డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి పోయాల్సి వచ్చింది. నాలుగు గంటలు లాగేది గంటన్నరకే పడిపోయింది. చూశాను, ఎండాకాలం అయ్యాక మారుద్దాంలే అనుకున్నాను. తప్పు కేబుల్‌ది కాదు, నాదే.

కొత్త బ్యాటరీలు మంగళవారం బిగించారు. చిన్న జనరేటర్ కూడా తీసుకున్నాం. ఖర్చు గట్టిగానే అయింది. జూన్ దాకా ధర మార్చను, ఆ తర్వాత కిలోకు అయిదు రూపాయలు పెరుగుతుంది. ఫ్రీజర్లో థర్మామీటర్ పెట్టించాను. పది డిగ్రీలు దాటిన రోజు పిండి అమ్మం, కొట్టు ముందు బోర్డు పెడతాం.