నూకాలమ్మ పేరు మార్చకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన కథ చదివాను. కథ బాగుంది, కాదనను. శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లె, 78 ఏళ్ల మామ్మగారు, కొడుకులు అమెరికాలో, పెరట్లో జీడిమామిడి చెట్టు, అంతా కళ్లకు కట్టినట్టే ఉంది గానీ ఆ మామ్మగారి పేరు ప్రణతి అని రాశారు. అక్కడ ఆగిపోయాను. అన్నేళ్ల కిందట మా వైపు పల్లెల్లో ఎవరింట్లో ఆడపిల్ల పుడితే ప్రణతి అని పెట్టారండీ? ఆ పేరు చదవగానే మామ్మగారు మాయమైపోయి చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న డిగ్రీ పిల్ల వచ్చి కూర్చుంది. కథ అయ్యేదాకా ఆ పిల్లే జీడిపిక్కలు ఏరింది.

నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. అనకాపల్లి చుట్టుపక్కల హైస్కూళ్లలో 32 ఏళ్లు హాజరు పిలిచాను కాబట్టి పేర్ల గురించి మాట్లాడే హక్కు కాస్త ఉందనుకుంటున్నాను. నేను చేరిన 1985లో ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో నలుగురు నూకరాజులు ఉండేవారు. మా గ్రామదేవత నూకాలమ్మ తల్లి ఊరాయె, ఉండరా మరి. ఇంటిపేర్లతో పిలుద్దామంటే ఇద్దరిది ఒకటే ఇంటిపేరు. చివరికి పిల్లలే తేల్చారు: పెద నూకరాజు, చిన నూకరాజు, నల్ల నూకరాజు, సైకిలు నూకరాజు. 2017లో రిటైరయ్యేనాటికి అదే తరగతిలో మచ్చుకి ఒక్క నూకరాజు లేడు, ముగ్గురు సాయికిరణ్‌లు, ఇద్దరు హర్షవర్ధన్‌లు. అందులో ఒక హర్షవర్ధన్ మా నల్ల నూకరాజు కొడుకే.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, మన దగ్గర పేరు చెబితే చాలాసార్లు ఊరు అడగక్కర్లేదు, వయసు అసలే అడగక్కర్లేదు. అప్పలరాజు, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న చలవ. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. ఓబులేసు అన్నారంటే వాళ్ల పెద్దవాళ్లెవరో అహోబిలం మొక్కుకుని ఉంటారు, కొమురయ్య అంటే కొమురవెల్లి, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. నెల్లూరు, గుంటూరు వైపు హిందువుల ఇళ్లలో మస్తానయ్య, మస్తానమ్మ అని పేర్లుంటాయి, దర్గాకి మొక్కుకుంటే పుట్టిన పిల్లలన్నమాట. ఆ ఒక్క పేరులో ఎంత కథ ఉందో చూడండి. పెంటయ్య సంగతైతే చెప్పనే అక్కర్లేదు, ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే ఈ బిడ్డనైనా మృత్యువు కన్ను పడకుండా పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెట్టిన పేరది. దాన్ని పట్టుకుని సినిమాల్లో కామెడీ చేశారు. కృష్ణా జిల్లా కమ్యూనిస్టుల ఇళ్లలో లెనిన్‌లు, స్టాలిన్‌లు ఉన్నారు, ఆ పేరున్నాయన బుద్ధిగా సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చుంటే నాకు చూడముచ్చటగా ఉంటుంది. ఇన్ని ఉండగా మన కథల్లో హీరో ఎప్పుడూ ఆదిత్యే, పనిమనిషి ఎప్పుడూ యాదమ్మో రంగమ్మో. యాదగిరి అనే ఆయన కలెక్టరు కాకూడదా? ఆదిత్య ఆటో నడపకూడదా? ఇంటిపేరు రాస్తే కులం తెలిసిపోతుందని భయపడి అది ఎగ్గొట్టేస్తారు గానీ, పనిమనిషికి ఏ పేరు పెట్టాలో ఎంచుకునేటప్పుడు మాత్రం ఆ లెక్క ఎవరికీ చెప్పకుండా వేసేస్తూనే ఉన్నారు.

గురజాడ వారు ఇది ఎలా చేశారో చూడండి. కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, తిరగరాసి మళ్లీ వేసింది 1909లో. అందులో పిసినారి ముసలాయన లుబ్ధావధాన్లు, ముక్కు మీద కోపం ఉన్నాయన అగ్నిహోత్రావధాన్లు, మంచి లాయరు సౌజన్యారావు పంతులు, ఎత్తులు వేసేవాడు కరటక శాస్త్రి, పంచతంత్రంలో నక్క పేరు. పేరు వినగానే మనిషి తెలిసిపోతాడు, నాటకానికి అది బాగానే పనిచేసింది. కానీ తమాషా ఏమిటంటే, వందేళ్లు దాటినా జనం నోట్లో ఆడుతున్న పేరు వీటిల్లో ఏదీ కాదు, గిరీశం. అందులో మోసం అనే అర్థం ఎక్కడా లేదు, శుభ్రంగా శివుడి పేరు. ఆ మనిషే తన చేష్టలతో ఆ పేరుని నింపాడు, ఇవాళ 'వాడో గిరీశంలే' అంటే నాటకం చదవనివాడికి కూడా అర్థమవుతుంది. అందుకే దుర్మార్గుడికి భుజంగరావు అని పెట్టి చేతులు దులుపుకునే వాళ్లంటే నాకు చిరాకు.

నేనూ అప్పుడప్పుడు కథలు రాస్తాను, నాకు పేర్లు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. గుడి మండపంలో ఫ్యాన్లు చూశారా? ఒక రెక్క మీద 'కీ.శే.' అని, రెండో రెక్క మీద పేరు, మూడో రెక్క మీద 'జ్ఞాపకార్థం' అని ఎర్ర పెయింటుతో రాసి ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఎవరో తెలీదు, కరెంటు పోగానే పెద్దాయన బయటపడతారు. జనం ఉక్కపోతకి విసుక్కుంటుంటే నేను తల పైకెత్తి కాగితం మీద రాసుకుంటుంటాను. ఓటర్ల జాబితా కూడా మంచిదే, పేరు పక్కనే వయసు ఉంటుంది. మీ పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనలు కూడా చూస్తాను, తప్పుగా అనుకోకండి.

ఒకసారి మాత్రం బుద్ధి తక్కువై ఓ ఫ్యాను మీది పేరు, ఇంటిపేరుతో సహా దించేసి కథలో వడ్డీ వ్యాపారికి పెట్టాను. నెల తిరక్కుండా ఆయన మనవడు మా ఇంటికొచ్చాడు. అరవలేదు పాపం, మంచినీళ్లు తాగి, 'మా తాతగారు జన్మలో ఎవరికీ రూపాయి వడ్డీకివ్వలేదు మాస్టారూ, ఎందుకలా రాశారు' అన్నాడు. తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఇంటిపేరు ఒక ఫ్యాను నుంచి, పేరు ఇంకో ఫ్యాను నుంచి తీసుకుంటున్నాను, కానీ ఒకే ఊరి ఫ్యాన్ల నుంచి.

ఇప్పుడు అసలు బాధ. మా అమ్మ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నాకు మా తాతగారి పేరు పెట్టారు, మామగారి పేరు కోడలు నోటితో ఎలా అంటుంది? 'పెదబాబూ' అనేది. అది మనసులో పెట్టుకునే కొన్నేళ్ల కిందట ఒక కథ రాశాను. అత్తగారికి ఒంట్లో బాగోక కోడలు ఆస్పత్రికి తీసుకెళ్తుంది. చీటీ రాసే గుమస్తా పేషెంటు పేరేంటమ్మా అంటాడు. అత్తగారి పేరు నూకాలమ్మ. కోడలికి నోరు పెగలదు. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటుంటారు. చివరికి ఆవిడ గోడ మీద క్యాలెండర్‌లో ఉన్న నూకాలమ్మ తల్లి బొమ్మ చూపించి, 'ఆ తల్లి పేరేనండీ' అంటుంది. కథకి ప్రాణం అదే.

ఒక వారపత్రికకి పంపాను (మీది కాదు లెండి). వేసుకున్నారు, సంతోషం. తీరా చూస్తే అత్తగారు అన్నపూర్ణమ్మ అయిపోయింది! క్యాలెండర్ సంగతి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అంటే కోడలు నూకాలమ్మ తల్లి బొమ్మ చూపిస్తుంది, గుమస్తా అన్నపూర్ణమ్మ అని రాసుకుంటాడు. మా ఆవిడ చదివి, 'ఆ గుమస్తాకి కళ్లు కనపడవా?' అంది. ఫోన్ చేసి అడిగితే అవతల అబ్బాయి చాలా మర్యాదగా, 'ఆ పేరు కొంచెం నాటుగా ఉందండీ, మన రీడర్స్ కనెక్ట్ అవ్వరని మార్చాం' అన్నాడు. కొత్త అమావాస్య జాతరకి మా ఊళ్లో కాలు పెట్టడానికి చోటుండదు, ఆ జనమంతా కనెక్ట్ అయ్యేది ఆ పేరుకే నాయనా అందామనుకున్నాను. అనలేదు. ఫోన్ పెట్టేశాక ఇలాంటివి బాగా గుర్తొస్తాయి.

అందుకే ప్రణతి మామ్మగారి విషయంలో రచయితనొక్కరినే తప్పు పట్టలేకపోతున్నాను. ఆవిడకి మొదట ఏ పేరు పెట్టారో, మీ ఆఫీసులో ఎవరు మార్చారో, లేక మార్చేస్తారన్న టెన్షన్‌తో రచయితే ముందు జాగ్రత్తగా ప్రణతి అన్నారో నాకేం తెలుసు.

ఈ ఉత్తరంతో పాటు ఆ పాత కథనే తిరగరాసి మీకు పంపిస్తున్నాను. పేజీ చాలకపోతే ఆస్పత్రి వర్ణన కొట్టెయ్యండి, అల్లుడి పాత్ర మొత్తం తీసేసినా నాకు అభ్యంతరం లేదు, వాడు నాకూ నచ్చలేదు. అత్తగారి పేరు మాత్రం నూకాలమ్మ.

ఇట్లు,
రిటైర్డ్ తెలుగు మాస్టారు,
అనకాపల్లి