‘మరణ భయం’ వేరు, చావు బెంగ వేరు

సంపాదకులకు నమస్కారం.

అస్తిత్వవాద మానసిక చికిత్స (చావు, ఒంటరితనం, బతుకుకు అర్థం వంటి చింతలను రోగితో విప్పి మాట్లాడే పద్ధతి) గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. చావు పేరెత్తడమే అశుభమనుకునే మన ఇళ్లలోకి ఈ విషయాన్ని తెచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. అయితే అందులోని పారిభాషిక పదాల గురించి, సరిహద్దుకు ఇవతల ఒడిశాలో ఉంటూ మీ పత్రికతోనే తెలుగు చదువు నిలబెట్టుకుంటున్న మా వంటివారి తరఫున చెప్పవలసింది ఉంది.

రెండేళ్ల కిందట క్యాన్సర్‌తో ఉన్న మా అమ్మను ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు, అక్కడివారు తెలుగులోకి మార్చిన ప్రశ్నల కాగితం ఒకటి చదివి వినిపించారు. ‘మీకు మరణ భయం ఉన్నదా?’ అన్న ప్రశ్నకు అమ్మ, ‘‘నాకేటి బయం, వయసైపోనాదాన్ని’’ అంది. ‘లేదు’ అన్న గడిలో టిక్కు పడింది. ఆ రాత్రి ఆమె లైటు ఆర్పనివ్వలేదు. నా చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుని తెల్లవార్లూ మంచం మీద కూర్చునే ఉంది. పొద్దున ‘‘ఏటమ్మా నీ బెంగ?’’ అని అడిగితే, ‘‘మీరందరూ ఉన్నారు, నిజమే. అక్కడికి మాత్రం నాతో ఎవులూ రాలేరు కదా’’ అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడింది.

కుక్క కరుస్తుందనో, ఆపరేషన్ నొప్పిగా ఉంటుందనో భయపడతాం. ఆ భయానికి ఫలానా కారణమని వేలెత్తి చూపించవచ్చు. ఆందోళనకు అలా చూపించగలిగేది ఏదీ ఉండదని డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ 1844లోనే విడదీసి చెప్పాడు. మన ‘బెంగ’, ‘గుబులు’ అన్న మాటల్లో ఆ తేడా ముందునుంచీ ఉంది. ‘మరణ భయం’ అన్న అనువాదం దాన్ని చెరిపేసింది.

మనిషిని వదలని నాలుగు మూల చింతలుగా ఈ చికిత్సకు పేరుపడ్డ అమెరికన్ మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ 1980లో చెప్పినవాటిని మీ వ్యాసం మరణం, స్వేచ్ఛ, ఏకాంతం, అర్థరహితత అని ఇచ్చింది. ఏకాంతం మనకు కోరుకునే స్థితి. దేవుడికి కూడా ఏకాంతసేవ చేస్తాం. యాలమ్ చెప్పింది పక్కన మనుషులు లేకపోవడం గురించి కూడా కాదు, ఎంత దగ్గరివాళ్లున్నా దాటలేని ఎడం గురించి. అమ్మ అన్న ‘ఎవులూ రాలేరు’ కంటే దానికి మంచి వివరణ నాకు ఇంతవరకూ దొరకలేదు. స్వేచ్ఛ అనగానే మనకు హాయిగా వినిపిస్తుంది. ఇక్కడ దాని అర్థం తలరాత మీదికి నెట్టేయలేని బాధ్యత, తన బతుకుకు తానే జవాబుదారీ కావడం. ఇక ‘అర్థరహితం’ అని మనం పిచ్చి మాటను అంటాం. రోగి అడిగేది ‘ఇంకా ఎందుకు బతకాలి’ అని.

మనోవైద్యురాలు కూబ్లర్ రాస్ 1969లో, మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి చెప్పిన అయిదు దశల్లో ఒకదాన్ని మీరు ‘బేరసారాలు’ అన్నారు. సంతలో మాట అది. ‘మనవడి పెళ్లి దాకా ఉంచు, తలనీలాలిస్తాను’ అని దేవుడికి మొక్కుకునే ముసలావిడ తాను బేరమాడుతున్నానని ఒప్పుకోదు. ఆ అయిదూ అందరికీ అదే వరుసలో రావాలన్న నియమం లేదని కూడా ఒక వాక్యం రాయవలసింది. లేకపోతే ‘చివరి దశ అయిన అంగీకారం ఇంకా రాలేదేమిటి’ అని ఇంట్లోవాళ్లే రోగిని వేధిస్తారు.

నేనుంటున్నది గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. జనం మాట్లాడే భాషలోనే చదువు సాగాలని పోరాడిన ఆయన, పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకుని వారికి ఆ భాషలోనే పాఠ్యపుస్తకాలు రాశారు. చదువుకే ఆ మాటలు కావలసివస్తే, చనిపోతున్న మనిషి చెంత కూర్చున్నప్పుడు ఇంకెంత కావాలి!

కాబట్టి ఇటువంటి వ్యాసాలు వేసేటప్పుడు శాస్త్రపదం పక్కనే వాడుక మాటను, దాన్ని ప్రశ్నగా ఎలా అడగాలో ఒక ఉదాహరణను ఇవ్వండి. అచ్చువేసే ముందు మంచాన పడ్డవారికి సేవ చేసే నర్సులకో ఆశా కార్యకర్తలకో ఆ మాటలు ఒకసారి వినిపించండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చన్న సంగతి కూడా ఆ పేజీలోనే వేయండి. మా వైపు చాలామందికి అది తెలియదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా