పిస్టల్ కొనే ముందు

చిన్నీ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు పిస్టల్ కొంటానన్నప్పుడు నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. "ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోవడం ఫెమినిజం కాదమ్మా, నా రక్షణ నా చేతిలో ఉండాలి" అన్నావు. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను.

నీ మాటలో న్యాయం లేకపోలేదు. 1892లో మెంఫిస్‌లో తన స్నేహితుల్ని తెల్లవాళ్ల గుంపు చంపేశాక, ప్రతి నల్లజాతి ఇంట్లోనూ ఒక వించెస్టర్ రైఫిల్‌కి గౌరవస్థానం ఉండాలని నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ రాసింది. చట్టం తన వైపు లేదని ఆవిడకి కళ్లముందే తెలిసింది. ఆవిడని తప్పుపట్టే సాహసం నేను చెయ్యను.

నువ్వు చెప్పిన కొలరాడో కేసు కూడా మళ్లీ చదివాను. భర్త దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు చేతిలో పట్టుకుని, పిల్లల్ని అతను ఎత్తుకెళ్లాడని ఆ తల్లి రాత్రంతా పోలీసుల్ని బతిమాలింది, ముగ్గురు ఆడపిల్లలూ చనిపోయారు. ఆ ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలని కోరే రాజ్యాంగ హక్కు ఆమెకి లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చేసింది. చదువుతుంటే నాకూ ఒళ్లు మండింది. కానీ చిన్నీ, అందులో ఇంకో సంగతి ఉంది. వాళ్ల నాన్న ఆ సాయంత్రమే పిస్టల్ కొన్నాడు. రక్షణ ఉత్తర్వు కింద ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదని 1994లోనే ఫెడరల్ చట్టం వచ్చింది. అయినా అతనికి దొరికింది. ఆ తల్లి చేతిలో తుపాకీ లేకపోవడం కంటే అతని చేతిలోకి అది రావడమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1989లో ఆడవాళ్ల కోసం లేడీస్మిత్ రివాల్వర్లు తెచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆడవాళ్లకి తుపాకీ అమ్మే ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది చీకటి, ఒంటరి అమ్మాయి, ముక్కూమొహం తెలియని మగవాడు. మా గృహహింస హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేవాళ్లు చెప్పేది ముక్కూమొహం తెలియనివాడి గురించి కాదు. వాళ్లు ఆఫీసుకి వచ్చినప్పుడు మేము వాళ్ల ముందు గడిచిన ఏడాది క్యాలెండర్ పెట్టి, దెబ్బలు తిన్న తేదీలు గుర్తు పెట్టమంటాం. చాలామంది మొదటి తేదీ దగ్గరే పెన్ను పట్టుకుని ఆగిపోతారు. తర్వాత పండగలూ పుట్టినరోజులూ లెక్కపెట్టుకుంటూ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటారు. ఆ పైన వరసగా ప్రశ్నలు. "అతని దగ్గర తుపాకీ ఉందా?" అన్నది అందులో ఒకటి. ఈ ప్రశ్నల పట్టికను తయారుచేసింది జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్. కొట్టేవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ ఆడమనిషి హత్యకి గురయ్యే ప్రమాదం దాదాపు ఐదు రెట్లు పెరుగుతుందని ఆవిడ బృందం 2003లో తేల్చింది. తుపాకీ ఎవరి పేరు మీద కొన్నారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఒకే గదిలో ఉన్న ఇద్దరిలో ముందు ఎవరి చేతికి అందితే వాళ్లదే.

ఒకవేళ నీ చేతికే అందిందనుకో. ఫ్లోరిడాలో మరిస్సా అలెగ్జాండర్, భర్తని బెదిరించడానికే ఒక్క తూటా కాల్చానంది. ఎవరికీ గాయం కాలేదు. 2012లో ఇరవై ఏళ్ల శిక్ష వేశారు. తర్వాత అప్పీల్లో ఆ తీర్పు రద్దయింది, చివరికి ఒప్పందం మీద మూడేళ్ల శిక్షతో సరిపెట్టారు కానీ, ఆత్మరక్షణ చట్టం ఆవిడ దాకా వచ్చేసరికి పనిచెయ్యలేదు.

ఇంకో మాట రాయాలా వద్దా అని చాలా సేపు తటపటాయించాను. కాలిఫోర్నియాలో పిస్టళ్లు కొన్నవాళ్లని పన్నెండేళ్లు గమనించి 2020లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు లెక్క తీశారు. సొంత పిస్టల్ ఉన్న ఆడవాళ్లు తుపాకీతో ప్రాణం తీసుకునే ప్రమాదం, లేనివాళ్ల కంటే 35 రెట్లు ఎక్కువ. నిరుడు చలికాలం నువ్వు నిద్రపట్టక అర్ధరాత్రుళ్లు నాకు ఫోన్ చేసేదానివి. ఇప్పుడు బాగున్నావు, నాకు తెలుసు. కానీ అలాంటి రాత్రి మళ్లీ వస్తే నీ మంచం పక్క సొరుగులో అది ఉండకూడదు. అమ్మగా నా అసలు భయం ఇదే.

ఫెమినిజం అంటావా, కొట్టేవాళ్ల చేతుల్లోంచి తుపాకీ తీయించింది కూడా ఫెమినిజమే. గృహహింస నేరం రుజువైనవాడు తుపాకీ ఉంచుకోకూడదన్న 1996 చట్టం వెనక ఆడవాళ్ల పోరాటం ఉంది. 2024లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు 8-1తో 1994 నిషేధాన్ని నిలబెట్టినప్పుడు మా ఆఫీసులో అందరం ఏడ్చాం. ఊరట వల్ల వచ్చిన ఏడుపది.

నువ్వుండే టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకు తిరగొచ్చు. నువ్వు పెద్దదానివి, కొనకుండా ఆపే హక్కు నాకు లేదు. కొనే పనైతే ముందు లాక్‌బాక్స్ కొను. కోడ్ నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు, నీతో ఉండే అబ్బాయి ఎంత మంచివాడైనా సరే. మనసు బాగాలేదనిపించిన రోజే దాన్ని ఇంట్లోంచి పంపించెయ్యి. ఎవరికివ్వాలో ఇప్పుడే అనుకుని ఉంచు.

వచ్చే నెల నేను వస్తున్నాను కదా, అప్పటిదాకా ఆగు. ఇద్దరం కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్దాం. కాల్చడం నువ్వూ నేర్చుకో, నేనూ నేర్చుకుంటాను. ఇంటికి తెచ్చుకోవాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

అమ్మ